వైర్‌లెస్ అన్న ఒక్క మాట

2006 జనవరి 9, సోమవారం

రిజిస్ట్రార్ ఆఫీసులో మిగిలిన డైరీ ఒకటి నాకు ఇచ్చారు. ప్రతి ఏడూ ఇస్తారు. అందులో ఏం రాస్తావని ఎవరూ అడగరు. అడిగినా చెప్పలేను. నోటికి రానివి చేతికి వస్తాయి, అంతే.

మొదటి పేజీలో పేరు, ఉద్యోగం అని గీతలున్నాయి. ఈశ్వరయ్య అని రాశాను. ఉద్యోగం దగ్గర ఆగాను. అటెండరుగా రిటైరై ఆరేళ్ళయింది. ఇప్పుడు కన్సాలిడేటెడ్ జీతం మీద ఉంచుకున్నారు. యూనివర్సిటీలో అన్ని మిద్దెల తాళాలు నా దగ్గరే ఉంటాయి. అందుకని మిద్దెల తాళాలు అని రాశాను.

ఈ రోజు కంప్యూటర్ సెంటర్ వంశీధర్ సార్ పిలిచారు. బెజవాడ దిక్కు మనిషి, చిన్నవాడు, అయినా నన్ను గారూ అంటారు. క్యాంపస్ మొత్తానికీ తీగ లేకుండా ఇంటర్‌నెట్ ఇస్తున్నామండీ ఈశ్వరయ్యగారూ, చెట్టు కింద కూర్చున్నా వస్తుంది, మిద్దెల మీద తొమ్మిది పెట్టెలు బిగించాలి, మీ తాళాలు కావాలి అన్నారు.

వైర్‌మన్ గులాం రసూల్ పక్కనే ఉన్నాడు. తీగ లేకుంటె నేనెందుకు సార్, నన్ను వైర్‌లెస్‌మన్ చేస్తరా అన్నాడు. సార్ నవ్వారు. పెట్టెకు కరెంటు కావాలి కదండీ, అది మీరే లాగాలి, పని బాగా వస్తే మిమ్మల్ని పర్మనెంట్ రోల్ మీదికి తీసుకోమని నోట్ పెడతాను అన్నారు.

గులాం రసూల్ ఇరవై రెండేళ్ళుగా డైలీ వేజ్. ఆ మాట విని వాడు నవ్వు ఆపేశాడు. వాడు నవ్వు ఆపాడంటే చిన్న సంగతి కాదు.

జనవరి 10

మధ్యాహ్నం ఎప్పటిలాగే మెట్ల కింద డబ్బాలు విప్పాం. మాట్లాడేది వాడు, తినేది నేను. రోల్ మీదికి ఎక్కితె ముందుగాల ఏం చేస్త తెలుసునా ఈశ్వర్‌భాయ్, రిజిస్టర్ల సంతకం పెడత అన్నాడు. ఇరవై రెండేండ్ల సంది నా పేరు పక్కన ఎవడో టిక్కు వెడుతున్నడు, నాకు సంతకం వస్తదని వీండ్లకు తెల్వనే తెల్వది అన్నాడు.

వాడి భార్య షౌకత్ బీ పంపిన పుల్లటి పప్పు, ఖట్టీ దాల్, సగం నా డబ్బాలో పోశాడు. నీ నోరు తెరిపించెతందుకు ఇదొక్కటే మందు అన్నాడు. రేపు బక్రీద్. వాడికి సెలవు.

జనవరి 19

ఆరు మిద్దెలు అయ్యాయి. తెల్లటి పెట్టె, దానికి రెండు చిన్న కొమ్ములు, ముందు ఒక పచ్చ దీపం. నా మోకాళ్ళ సంగతి రాయను.

జనవరి 25, బుధవారం

పాత బిల్డింగు దగ్గర పని ఆగిపోయింది. నవాబుల కాలం దేవడీ అది. డంగుసున్నం గోడలు, గజం మందం. సార్ ల్యాప్‌టాప్ పట్టుకుని గది గదీ తిరిగారు. తెర మీద సిగ్నల్ గీత ఒక్కటి కూడా రాలేదు. లెక్క ప్రకారం రావాలండీ అన్నారు.

ఆ గోడలో మేకే దిగదు. డెబ్బై నాలుగులో గడియారం బిగించబోయి మూడు మేకులు వంచాను. సార్ కాగితం మీద గీసుకుంటున్నప్పుడే చెప్పాల్సింది. నన్ను అడగలేదు కదా అనుకున్నాను.

చివరికి గులాం రసూల్ దారి చూపాడు. గోడల నుంచి పోకుంటె కిటికీలల్ల నుంచి పోనిద్దాం సార్, కిటికీలన్నీ గల్లీ దిక్కే ఉన్నయి, పిట్టగోడ మీదికెల్లి ఒక ఇనుప రాడ్ బయటికి తీసి, పెట్టెను గాలిల వేలాడదీసి మూతి ఇటు తిప్పుదాం అన్నాడు. సార్ వాడి భుజం తట్టారు.

ఆ గల్లీ మొఘల్‌పురాలో వాడు పుట్టిన గల్లీ. పెట్టె కింద నుంచి లెక్కపెడితే ఆరో తలుపు వాడిదే. వాడి చేతులతోనే, వాడి గల్లీ మీద వేలాడదీశాడు.

జనవరి 27

పెట్టెలకు పేర్లుండాలట. ల్యాప్‌టాప్ తెరిస్తే దగ్గరున్న పెట్టె పేరు కనపడుతుందట. సార్ నంబర్లు వేసుకుంటూ పోయారు. పాత బిల్డింగుది ఏడోది. అక్కడ గులాం రసూల్ అడ్డం పడ్డాడు. దీనికి ఈశ్వర్‌భాయ్ అని పెట్టున్రి సార్, నోరు తెరవకుంట అందరికి ఖబర్ అందిస్తది, మా భాయ్ సుత గంతే, కాకపోతే మా భాయ్ ఖబర్ ఇంకా ఎవ్వరికి అందలే అన్నాడు.

సార్ నవ్వుతూ టైపు చేశారు. ఇంగ్లీషులో నా పేరు తెర మీదికి వచ్చింది. సిగ్గేసింది. సంతోషం కూడా వేసింది.

ఫిబ్రవరి 2, గురువారం

గేటు బయట హోటల్‌లో చాయ్ తాగుతున్నాను. పాన్ డబ్బా జహంగీర్ వచ్చి పక్కన కూర్చున్నాడు. వాడి డబ్బాలో సున్నం కంటే కబుర్లే ఎక్కువ. గల్లీ మీదికి వేలాడే ఆ పెట్టె ఏంది పెద్దాయనా, పచ్చగ కన్ను గొడుతున్నది అని అడిగాడు. హోటల్ సేఠ్ ఇటు తిరిగాడు. ఇంకో ఇద్దరు తిరిగారు. అంతమంది నా నోటి వైపు చూస్తే నేను గ్లాసులోకి చూశాను. ఒక్క మాట అన్నాను.

వైర్‌లెస్ అన్నాను.

అచ్ఛా అన్నాడు జహంగీర్. సగం చాయ్ వదిలి లేచాడు.

ఫిబ్రవరి 3

చాయ్ ఎందుకు వదిలాడు?

ఫిబ్రవరి 8, బుధవారం

తెలిసింది. అఫ్జల్‌గంజ్‌లోని నా గది నుంచి వస్తుంటే చౌరస్తాలో పోలీసు జీపు ఆగి ఉంది. లోపల పెట్టె గరగరమంటోంది. నా ముందు పోతున్న పండ్ల బండ్ల వాళ్ళిద్దరూ వైర్‌లెస్ ఖడీ హై రే అని బండ్లు సందులోకి తిప్పుకున్నారు.

ఈ గల్లీల్లో వైర్‌లెస్ అంటే ఒకటే, పోలీసులది. కర్ఫ్యూల నాటి నుంచి ఒకటే. నాకు తెలియనిది కాదు. తొంభైలో ఆ గరగర విని తలుపు గొళ్ళెం పెట్టుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. నెల రోజులు సార్ వెనక తిరిగి, ఆయన అర్థం పట్టుకుని, మన అర్థం మరిచిపోయాను.

పిల్లల చదువుకు ఇంటర్‌నెట్ అది. ఈ నాలుగు మాటలు ఎక్కువ అనాల్సింది. నాలుగే.

ఫిబ్రవరి 14

ఏడో మిద్దె మీది నుంచి చూశాను. గల్లీ మిద్దెల మీద బట్టల తీగలు ఖాళీగా ఉన్నాయి. ఒక ముసలామె మాత్రం మిరపకాయలు ఎండబోస్తోంది. పెట్టె వైపు వీపు పెట్టి, ముఖం మీదికి కొంగు లాక్కుని.

ఫిబ్రవరి 20, సోమవారం

లంచ్‌లో గులాం రసూల్ చెప్పాడు. నవ్వుతూనే చెప్పాడు. నేను పోయి కూసుంటె హోటల్ సుత మస్జిద్ లెక్క అయితున్నది భాయ్, అంత చుప్. నేను పోలీసోళ్ళ వైర్‌లెస్ బిగించిన్నంట. ఎవరింట్ల ఏం మాట్లాడుకున్నా ఠాణాల వినబడతదంట. నేను ముఖ్బిర్‌నంట. మా ఇంట్ల షౌకత్ బీ నన్ను తిట్టేది సుత వినబడితె మంచిగుండు, ఒక్కనాడన్న కేస్ రాసుకుందురు అన్నాడు.

ముఖ్బిర్ అంటే పోలీసులకు ఉప్పందించేవాడు. ఆ గల్లీలో దానికంటే చెడ్డ పేరు లేదు.

కాసేపటికి, అది వైర్‌లెస్ అని ఎవడో మనోడే అన్నడంట భాయ్ అన్నాడు. నా వైపు చూడలేదు. డబ్బా మూత తుడుస్తున్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు.

నేను రొట్టె నములుతున్నాను. చాలాసేపు నమిలాను.

ఫిబ్రవరి 27

వాడి ఇంటి ముందు ఎప్పుడూ రెండు ఫ్యాన్లు, ఒక మిక్సీ విప్పి ఉండేవి. సాయంత్రాలు రిపేర్లు చేసేవాడు. ఇప్పుడు అరుగు ఊడ్చినట్టుంది. ఇచ్చినవాళ్ళు బాగు కాకముందే తీసుకుపోయారట. ఇస్త్రీ పెట్టెలో కూడా ఏదో పెడతాడని భయమట.

రేకు తలుపు మీద ఎవరో బొగ్గుతో ముఖ్బిర్ అని రాశారు. షౌకత్ బీ కడిగింది. మళ్ళీ రాశారు. మళ్ళీ కడిగింది.

ఖట్టీ దాల్ మాత్రం ఎప్పటిలాగే వచ్చింది. సగం వదిలేశాను.

మార్చి 4

గల్లీలో ఇద్దరు కుర్రాళ్ళను పొద్దున ఠాణాకు తీసుకుపోయి సాయంత్రం వదిలారు. బండికి కాగితాలు లేవట. గల్లీ మాత్రం పెట్టె చూసి పట్టించింది అంటోంది.

గులాం రసూల్ ఈ రోజు జోక్ వేయలేదు. రోల్ మీదికి ఎక్కినంక అందరికి సమజైతది భాయ్, ఠాణా జీతమా, కాలేజీ జీతమా అన్నది అన్నాడు. సార్ నోట్ టైపు చేయించారట. ఇంటర్‌నెట్ ఓపెనింగ్ అయిన మర్నాడు పంపుతారట.

మార్చి 6

చెప్పాల్సినవి ఇక్కడ రాసుకుంటున్నాను.

అది పోలీసులది కాదు. పిల్లల చదువుకు ఇంటర్‌నెట్. వైర్‌లెస్ అన్నది నేను. తప్పు నాది, గులాం రసూల్‌ది కాదు.

నాలుగు వాక్యాలు. గదిలో గోడకు చెప్పి చూశాను. బాగానే వచ్చాయి. రేపు హోటల్‌లో చెబుతాను.

మార్చి 7

చాయ్ తాగి వచ్చాను.

మార్చి 8

చాయ్ తాగి వచ్చాను.

మార్చి 9

ఏమన్న కావాల్నా పెద్దాయనా, మస్తు సేపయింది కూసోని అని సేఠ్ అడిగాడు. ఇంకో చాయ్ అన్నాను.

మార్చి 11, శనివారం

మా ఊరి బడిలో పంతులు పేరు పిలిస్తే హాజర్ అనాలి. నాకు నోరు వచ్చేది కాదు. ముందు వరసలో కూర్చునేవాణ్ణి. ఆయన నన్ను చూసేవాడు. చూసి, పలికేదాకా గైరుహాజరే అని రాసేవాడు. మూడో తరగతి మొత్తం నేను బడికి పోలేదని రిజిస్టరులో ఉంది. ఒక్క రోజు కూడా మానలేదు.

ఇది ఇప్పుడెందుకు రాస్తున్నానో తెలియదు.

మార్చి 13

జనానికి చెప్పలేకపోతే గోడ మీద రాయించవచ్చు కదా అని తోచింది. వంశీధర్ సార్ దగ్గరికి వెళ్ళాను. ఆ పెట్టె ఏందో బయటివాళ్ళకు తెలిసేటట్టు ఒక బోర్డు పెట్టించండి సార్ అన్నాను. నా లెక్కకు అది పెద్ద మాట. మీరింతవరకూ నాతో ఇంత మాట్లాడలేదండీ, భలే ఐడియా ఇచ్చారు, మూడు భాషల్లో రాయిద్దాం అన్నారు. ఎందుకో చెప్పబోయాను. అప్పటికే ఫోన్ తీశారు.

గులాం రసూల్‌కు చెప్పలేదు. బోర్డు చూసి వాడే తెలుసుకుంటాడు.

మార్చి 21, మంగళవారం

బోర్డు వచ్చింది. గల్లీ వైపు గేటు మీద బిగించారు. నీలం మీద తెల్లటి అక్షరాలు, మూరెడు మూరెడు. తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో.

వైర్‌లెస్ క్యాంపస్.

ఇంకేం లేదు. ఇంటర్‌నెట్ అని లేదు. చదువు అని లేదు.

జహంగీర్ ఉర్దూది పైకి చదివాడు. దేఖో, అబ్ లిఖ్‌కే లగా దియే, రాసే పెట్టిన్రు, ఇప్పటిదాంక దాసిన్రు, ఇప్పుడు సిగ్గు సుత ఇడిసిన్రు అన్నాడు. నేను గేటు లోపల నిలబడి విన్నాను.

సార్ వచ్చి బాగుందాండీ అన్నారు. తల ఊపాను.

మార్చి 22, సాయంత్రం

గులాం రసూల్ తాళం అడిగాడు. గల్లీ పెద్దమనుషులను ఇద్దరిని మీదికి తోల్కొస్త భాయ్, పెట్టె మూత తీసి చూపెడత, కండ్లార చూస్తె వాండ్లే చెప్తరు అన్నాడు. రేపు ఓపెనింగ్. వైస్ ఛాన్సలర్ గారు వస్తున్నారు. బయటివాళ్ళను మిద్దె ఎక్కించకూడదని రూలు. ఇచ్చాను. నువ్వు సుత రా, ఏం మాట్లాడకు, పక్కన నిలవడు చాలు అన్నాడు.

ఇద్దరు పెద్దలు ఆయాసపడుతూ ఎక్కారు. గులాం రసూల్ రాడ్‌ను లోపలికి లాగి మూత విప్పాడు. ఇగో చాచా, మైక్ ఉన్నదా, కెమెరా ఉన్నదా, చెయ్యి పెట్టి చూడున్రి, ఇదంత పిల్లల చదువుకు అన్నాడు. ఒకాయన వంగి చాలాసేపు చూశాడు. మా పిల్ల హిబా సుత కంప్యూటరే చదువుతది, గిట్లాంటిదేదో చెప్పింది అన్నాడు. గులాం రసూల్ ముఖంలోకి కళ వచ్చింది. ఇన్ని రోజుల తర్వాత.

రెండో ఆయన మూత వైపు చూడలేదు. నా వైపు చూశాడు. పెద్దాయనా, నువ్వు ఈడ ఎన్నో ఏండ్ల మనిషివి, అబద్ధమాడవు, నువ్వు చెప్పు, ఇది పోలీసులది కాదు గద అన్నాడు.

నా నాలుగు వాక్యాలు గొంతు దాకా వచ్చాయి. మొదటిది చాలు. అది పోలీసులది కాదు. గులాం రసూల్ నా నోటి వైపు చూస్తున్నాడు.

తల అడ్డంగా ఊపాను.

కాదు గద అన్నదానికి తల అడ్డంగా ఊపితే ఏమని అర్థం? కాదనా? కాదన్నది నిజం కాదనా? నేను ఒకటి అనుకుని ఊపాను. ఆయనకు రెండోది అర్థమైంది. చూశాను, ముఖం మూసుకుపోయింది. చల్ భాయ్ అని మొదటాయన చెయ్యి పట్టుకుని దిగిపోయాడు.

గులాం రసూల్ మూత బిగించాడు. స్క్రూ ఒకటి కింద పడితే ఎవరూ వంగలేదు.

మార్చి 23

ఓపెనింగ్ పాత బిల్డింగు హాల్లో. వైస్ ఛాన్సలర్ గారి ముందు ల్యాప్‌టాప్ పెట్టారు. ఏమీ రాలేదు. ఏడో పెట్టె పలకలేదు. నిన్న మూత తీసినప్పుడు లోపల తీగ ఒకటి వదులైందట. తీగ లేని దాంట్లో తీగే ముంచింది. వంశీధర్ సార్ చెమటలు తుడుచుకుంటూ ఐదు నిమిషాలు సార్, ఐదు నిమిషాలు సార్ అన్నారు. వైస్ ఛాన్సలర్ గారు ఐదు నిమిషాలు ఆగలేదు.

మార్చి 25, శనివారం

రిజిస్ట్రార్ గారి గదికి పిలిచారు. నేను, గులాం రసూల్, వంశీధర్ సార్. బయటివాళ్ళను మిద్దె మీదికి ఎవరు రానిచ్చారు, తాళం ఎవరిచ్చారు అని అడిగారు.

నేను ఊపిరి తీసుకున్నాను. నేనిచ్చాను అనడానికే తీసుకున్నాను. గులాం రసూల్ ముందుకు జరిగాడు. తాళం నేనే తీసుకున్న సార్, ముసలాయన గోడకు ఒరిగి నిద్రపోతుండె, జేబులకెల్లి తీసిన, ఆయనకు ఏం తెల్వది అన్నాడు.

నిజమేనా ఈశ్వరయ్యా అని రిజిస్ట్రార్ గారు నన్ను అడిగారు.

ఫ్యాను తిరుగుతోంది. ఆ ఫ్యాను కూడా వాడు బిగించిందే.

నేను ఫ్యాను వైపే చూశాను. ఏమీ అనకపోవడాన్ని ఆయన అవునని రాసుకున్నారు. గులాం రసూల్ ముందుకు కాగితం తోసి సంతకం పెట్టమన్నారు. వేలిముద్ర డబ్బా కూడా తెరిచి పెట్టారు. వాడు డబ్బా పక్కకు జరిపి, పెన్ను అడిగి, ఉర్దూలో పొడుగ్గా సంతకం చేశాడు. యూనివర్సిటీ కాగితం మీద వాడి మొదటి సంతకం. అందంగా ఉంది.

ఏప్రిల్ 1

వాణ్ణి పనికి రావద్దన్నారు. రోల్ నోట్ చింపేశారు. నేనేం చేయలేకపోయానండీ, మంచి పనివాడు అన్నారు వంశీధర్ సార్. మెట్ల కింద ఒక్కణ్ణే తిన్నాను.

ఏప్రిల్ 5

హోటల్‌లో జహంగీర్ అంటున్నాడు. ఠాణావోళ్ళు సుత వద్దన్నరంట, వాండ్ల పని ఒడిసింది గద. అందరూ నవ్వారు. నేను చిల్లర బల్ల మీద పెట్టి వచ్చాను.

ఏప్రిల్ 16, ఆదివారం

వాళ్ళు ఇల్లు ఖాళీ చేస్తున్నారని విని వెళ్ళాను. పహాడీషరీఫ్ అవతల ఎక్కడో గది దొరికిందట. మొదటి ట్రాలీతో గులాం రసూల్ వెళ్ళిపోయాడు. షౌకత్ బీ గిన్నెలు చీరలో మూట కడుతోంది. పక్కిళ్ళ తలుపులన్నీ మూసి ఉన్నాయి. తలుపు మీద బొగ్గు రాత అట్లాగే ఉంది. కడగడం మానేసింది.

నన్ను చూసి కూసో అన్నా అంది. కూర్చోవడానికి ఏమీ లేదు. నిలబడ్డాను. వాక్యాలు వెతుక్కుంటున్నాను. ఆమె మూట ముడి బిగిస్తూ, చెప్పకు అన్నా అంది. ఆయనకు ఎరుకే. నువ్వు అన్ననాడు పొద్దుమీకనే జహంగీర్ వచ్చి చెప్పిండు, మీ ముసలాయనే అన్నడని. ఆయన జహంగీర్ మీదికి లేచిండు. మా భాయ్ కావాల్నని అనడు, నోరు తిరగలేదు గంతే, పొద్దుగాల భాయే నాకు చెప్తడు చూడు అన్నడు. రోజూ ఇంటికొచ్చి చెప్తుండె, ఇయ్యాల సుత చెప్పలే, రేపు చెప్తడు అని. డబ్బాల దాల్ ఎక్కువ పొయ్యి, నోరు తెరుస్తడు అనేటోడు.

నేను ఇంకా నిలబడే ఉన్నాను.

రెండు నెల్లు చూసిండు అన్నా అంది. కోపంగా అనలేదు. ట్రాలీ మళ్ళీ వచ్చింది. నడిపేవాడు ఒక్కడే వచ్చాడు. మూట ఎత్తడానికి నేను చెయ్యి వేశాను. ఆమె వద్దనలేదు.

ఏప్రిల్ 17

హోటల్‌కు వెళ్ళలేదు. ఇక ఎవరికి చెప్పాలి.

జూన్ 26, సోమవారం

సెలవులయ్యాయి, యూనివర్సిటీ తెరిచారు. మెట్ల కింద, మేము తినే చోట, ఇద్దరు ఆడపిల్లలు ల్యాప్‌టాప్ తెరుచుకుని కూర్చున్నారు. ఈశ్వర్‌భాయ్ కనవడుతుండు గదనే, గీతలు సుత నిండుగున్నయి, గని నెట్ ఇస్తలేడు, పలుకనే పలుకుతలేడు అంది ఒకతె.

హాజర్ అన్నాను. పైకే అన్నాను.